పూర్తి కాని పటాలం

"నాన్నా, వీడికి పోయిన ఆదివారం నేనే నీలం కోటు వేశాను కదా! మళ్ళీ బోడిగా ఎందుకున్నాడు?"

లాస్య చేతిలోని సీసపు సిపాయిని కిటికీ వెలుతురులో పెట్టి నిలదీసింది. నాగసాయి సినిమా సెట్లకు నమూనాలు చేసే మనిషి. అట్టముక్కను రాజమహలని నమ్మించడమే ఆయన వృత్తి. కానీ పద్నాలుగేళ్ళ కూతురిని నమ్మించడం ఆయన వల్ల అయ్యేది కాదు.

"ప్రైమర్ సరిగా పట్టలేదేమోనమ్మా. పాత సీసం కదా, రంగు పెచ్చులూడిపోతుంది."

"పెచ్చులూడితే అక్కడక్కడా మచ్చలుంటాయి. వీడేమో తోమిన గిన్నెలా ఉన్నాడు. మీసాలు కూడా అరిగిపోయాయి." సిపాయిని ముక్కు దగ్గర పెట్టుకుంది. "థిన్నర్ వాసన!"

నాగసాయి కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

నెపోలియన్ కాలం నాటి ఫ్రెంచి పటాలం అది. వేలెడేసి మనుషులు. ఏదో పాత సినిమా సామాన్ల గోడౌన్ మూసేస్తుంటే పెట్టెడు సిపాయిల్ని తెచ్చుకున్నాడు. రంగులు వెలిసిపోయినవాళ్ళు, చేతులు విరిగినవాళ్ళు. ఒకడి తల కోసి ఇంకొకడికి అతికించడం, తుపాకీ పోయిన చేతికి జెండా పట్టించడం, ఆపైన నీలం కోటు, ఎర్ర కాలరు, తెల్ల పటకాలు వేయడం తండ్రీకూతుళ్ళ ఆదివారపు పని.

నాగసాయి, ఆయన భార్య మనోజ విడిగా ఉంటున్నారు. లాస్య తల్లి దగ్గర బంజారా హిల్స్‌లో ఉంటుంది. "మీ పటాలం పూర్తయ్యేదాకా ఆదివారాలు పంపిస్తాను. ఆ తర్వాత దానికి కోచింగ్ క్లాసులున్నాయి" అని మనోజ ఫోన్లో తెగేసి చెప్పింది. అన్నమాట వెనక్కి తీసుకునే రకం కాదు మనోజ. బతిమాలే రకం కాదు నాగసాయి. ఇద్దరి పంతాల మధ్యా పాపం, సిపాయిలు నలిగిపోయారు.

అందుకే ప్రతి సోమవారం పొద్దున్నే ఒకణ్ణో ఇద్దర్నో ఎంచుకుని, థిన్నర్‌లో ముంచి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దేసేవాడు. కూతురు ఊపిరి బిగబట్టి వేసిన బొత్తాలు నీలం నీళ్ళుగా కారిపోతుంటే ఆయనకు ఏడుపొచ్చేది. అయినా రుద్దేవాడు. పెట్టెలో ఎందరు మిగిలారో ఒక్కసారీ లెక్కపెట్టలేదు. లెక్కపెడితే అయిపోతారని భయం.

"చెప్పు నాన్నా."

"నేనే కడిగేశానమ్మా" అన్నాడు చివరికి. "వీడొక్కణ్ణే కాదు, చాలామందిని. ఈ పటాలం అయిపోతే నువ్వు రావుగా. ఆదివారం నువ్వు రాని ఈ ఇల్లు ఎలా ఉంటుందో ఊహించుకోవడానికి కూడా నాకు ధైర్యం లేదు."

లాస్య తల వంచుకుంది. కోపమో, ఏడుపో, నవ్వు ఆపుకుంటోందో ఆయనకు అంతుపట్టలేదు.

"అమ్మకు చెప్తావా?" అన్నాడు బెరుగ్గా.

"నేను చెప్పను. నువ్వే చెప్పాలి. ఇవాళే."

"మీ అమ్మకా? ఇంకేమైనా ఉందా! రేపట్నుంచే కోచింగ్‌లో వేసేస్తుంది."

"వేస్తే వేస్తుంది. నేనిలా వారం వారం వేసిన కోటే మళ్ళీ మళ్ళీ వేస్తూ కూర్చోలేను నాన్నా."

అంతలో కింది నుంచి వాచ్‌మన్ జంగయ్య గొంతు వినిపించింది. "సార్! మేడమ్ వచ్చిన్రు. పైకే వస్తున్రు."

నాగసాయి గబగబా కళ్ళజోడు పెట్టుకున్నాడు. మనోజ ఏనాడూ గేటు దాటి లోపలికి రాలేదు. సాయంత్రం కారాపి హారన్ కొట్టేది, లాస్య దిగి వెళ్ళేది, అంతే. ఆ హారన్ మోగగానే కిటికీ పరదా చాటున నిలబడి, కారు ఫిలింనగర్ మలుపు తిరిగేదాకా చూడటం నాగసాయికి అలవాటు. ఆమె ఒక్కసారైనా పైకి చూస్తుందేమోనని ఆశ. ఆమె చూసేది కాదు.

ఇప్పుడామె గుమ్మంలో నిలబడి ఉంది. భుజానికి హ్యాండ్‌బ్యాగు. కాస్త ఆయాసపడుతోంది. ఆయన వైపు చూడకుండా టేబుల్ వైపే చూస్తూ, "ఇంకా అవలేదా?" అంది.

లాస్య తండ్రి మోచేతిని పొడిచింది.

"అవలేదు మనోజా. అవదు కూడా. దీనిచేత రంగు వేయిస్తున్నదీ నేనే, వెనకాల కడిగేస్తున్నదీ నేనే" అన్నాడు నాగసాయి గుక్క తిప్పుకోకుండా. "తప్పే. నువ్వేమన్నా పడతాను. కానీ ఆదివారం ఇది రావాలి. సాయంత్రం కిందనుంచి నీ హారన్ వినపడాలి. వారమంతా ఈ రెండింటి కోసమే బతుకుతున్నాను."

మనోజ బోడి సిపాయిని చేతిలోకి తీసుకుని, అరిగిపోయిన మీసాల మీద బొటనవేలితో మెల్లగా రాసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాగసాయి ఆమె నోటి వెంట రాబోయే కోచింగ్ అనే మాట కోసం బిక్కచచ్చి నిలబడ్డాడు.

ఆమె సిపాయిని టేబుల్ మీద పెట్టి, హ్యాండ్‌బ్యాగు తెరిచి, టిష్యూ కాగితంలో చుట్టిన చిన్న పొట్లాన్ని కూతురి చేతికిచ్చింది.

"పొద్దున హడావిడిలో నీకివ్వడం మర్చిపోయానే, ఈ వారం సిపాయి. ఇకనుంచి నాన్న చూడకుండా పెట్టెలో కలపక్కర్లేదులే."