వణకని ధార

నీళ్లు మళ్లీ వణికాయి.

అప్పటిదాకా గాజు కడ్డీలా వంగి, చప్పుడు లేకుండా బకెట్లోకి దిగుతున్న ధార చిట్లి కూతురి మొహం మీద చిందింది.

పైనుంచి టక్. కాస్త ఆగి, ఇంకో టక్.

"మొదలెట్టింది రోకలి," అంది తల్లి. "రోకలికైనా దంచడానికి ధాన్యం కావాలి. ఈవిడకి మన కప్పు చాలు."

పై వాటాలోకి కొత్తగా వచ్చినావిడకి తల్లి పెట్టిన పేరది. మొహం ఎలా ఉంటుందో ఇద్దరికీ తెలియదు. పొద్దునా సాయంత్రం ఇల్లంతా దంచుతున్నట్టు తిరుగుతుందని మాత్రం తెలుసు.

కూతురు ఏమీ అనలేదు. మొహం తుడుచుకుని మోటారు ఆపేసింది.

తల్లిని భయపెట్టేది ఆ ఏమీ అనకపోవడమే.

కిందటేడు సైన్సు ప్రదర్శనలో ఆ పిల్ల చేసిన నమూనా అందరి ముందూ మొరాయించింది. నవ్వారు. అప్పటినుంచి క్లాసులో చెయ్యెత్తడం మానేసింది. ఈసారీ చెడితే ఇక సైన్సు జోలికే వెళ్లనని ఒట్టు పెట్టుకుంది.

అందుకే తల్లి కూడా కొంగు బిగించింది. లావుపాటి ప్లాస్టిక్ గొట్టం ముక్క తెచ్చింది. అడుగున స్పాంజి పెట్టి, దాని మీద గొట్టం నిండా కూల్‌డ్రింకు స్ట్రాలు నిలువుగా కూరారు. మోటారు తోసిన నీళ్లు ఎంత గంతులేస్తూ వచ్చినా, స్పాంజిలో అలిసి, స్ట్రాలలో బారులు తీరి, మూత మధ్య నున్నటి కన్నంలోంచి బుద్ధిగా బయటికి రావాలి. మోటారు అదురు తగలకుండా గొట్టాన్ని ఇంటి కప్పుకి ఉన్న ఇనప కొక్కేనికి వేలాడదీసింది కూడా తల్లే.

ఆమె బట్టలు కుడుతుంది. మిషను తొక్కితే ధార వణుకుతోందని కుట్టు ఆపేది. ఫ్యాను కూడా ఆపి ఇద్దరూ చెమటలో కూర్చునేవాళ్లు. ఇంట్లోవన్నీ ఆగాయి. ఆగనిది ఆ రోకలి ఒక్కటే.

ఆ సాయంత్రం తల్లి మెట్లెక్కింది.

తలుపు సగమే తెరుచుకుంది. జుట్టు నెరిసిన మనిషి తలుపు రెక్క పట్టుకుని నిలబడింది. లోపలికి రమ్మనలేదు. పక్కకైనా జరగలేదు.

ఎంత గీర, అనుకుంది తల్లి.

"మీ నడకకి మా కప్పు అదురుతోందండీ. మా అమ్మాయి సైన్సు ప్రాజెక్టు చేస్తోంది. శనివారం దాకా కాస్త కాళ్లు కట్టేసుకుని కూర్చోండి, పుణ్యముంటుంది."

ఆవిడకి కోపం రాలేదు. "ఏం ప్రాజెక్టమ్మా?"

"నీళ్లు గాజులా నిలబడాలి. చెప్పినా అర్థం కాదులెండి."

"నీళ్లా? నిలబడతాయా?"

ఆవిడ కళ్లు చిన్నపిల్ల కళ్లలా మెరిశాయి. ఒకసారి వెనక్కి గదిలోకి చూసుకుంది.

"సరే. శనివారం దాకానేగా," అంది.

మర్నాటినుంచి పైన అలికిడి లేదు.

ధార నిలిచింది. కూతురు లైటు పట్టుకుంటే వెలుగు కూడా నీళ్ల వెంట వంగి బకెట్ దాకా దిగింది. వేలు పెడితే తప్ప అవి నీళ్లని తెలియదు. ఆ పిల్ల నవ్వింది. తల్లి అటు తిరిగి కళ్లు తుడుచుకుంది.

పైనావిణ్ణి ఒకసారి పిలిచి చూపిద్దామా అని కూతురు అడిగింది.

"పిలిస్తే మళ్లీ దంచుడు మొదలెడుతుంది. ముందు శనివారం గడవనీ. చెప్పాల్సినట్టు చెబితే ఎవరైనా వింటారు," అంది తల్లి, తన మాటకారితనానికి తనే మురిసిపోతూ.

శనివారం. హాలు నిండా జనం. కప్పుకి కొక్కెం లేదు.

చేసేది లేక తల్లి, గొట్టం చుట్టి తెచ్చిన బొంతనే మడతలు పెట్టి బల్ల మీద వేసింది. కూతురు గొట్టాన్ని దాని మీద నిలబెట్టింది.

చుట్టూ అన్ని కాళ్లు తొక్కుతున్నాయి. ధార వణకలేదు.

మొదటి బహుమతి ఆ పిల్లదే. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ గలగలా వివరించింది. తిరుగు బస్సులో మాత్రం నెమ్మదిగా అంది.

"అమ్మా, అదురు కొక్కెంలోంచి వచ్చింది. మనమే కప్పుకి కట్టి తప్పు చేశాం. ముందే బొంత మీద పెట్టుంటే పైనావిడ ఎంత తిరిగినా ఏమీ అయ్యేది కాదు."

తల్లి, ఇక హాయిగా తిరగమని చెప్పాలి, నీళ్లు చూడ్డానికి రమ్మనాలి అనుకుంటూ, ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా పైకెక్కింది.

తలుపు బార్లా తెరిచి ఉంది. ఒకమ్మాయి బీరువాలో ఏదో వెతుకుతోంది. నడవలేనివాళ్లు పట్టుకుని అడుగులు వేసే నాలుగు కాళ్ల స్టాండు గోడకి ఆనించి ఉంది.

"పిన్ని మధ్యాహ్నం పోయిందండీ, ఆస్పత్రిలో. మంచి చీర ఏదైనా ఉందేమోనని వచ్చాను."

ఏమైందని గుమ్మంలోంచే అడిగింది తల్లి.

తుంటికి ఆపరేషనైందట. రోజూ నడవకపోతే కాల్లో రక్తం గడ్డకడుతుందని డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పాడట. నొప్పికి ఏడుస్తూనే నడిచేదట. ఈ వారం ఆపేసింది. గడ్డ ఊపిరితిత్తుల్లోకి పాకింది.

"ఎందుకు ఆపారు?" తెలిసీ అడిగింది తల్లి.

గుమ్మంలో ఉన్నదెవరో ఆ అమ్మాయికి తెలియదు. చీర మడత విప్పుతూ చెప్పింది.

"ఫోన్లో ఎంత తిట్టినా వినలేదండీ, 'కింద ఒక పాప నీళ్లని నిలబెడుతోందే, నేను కదిలితే పడిపోతాయట, శనివారం దాకా నా కాళ్లకేం తొందరలే' అని ఒకటే సంబరం."