మొదటి మాట మహిమ

మహాపురుషులను చరిత్ర నానావిధాలుగా అవమానించింది. కానీ బెండకాయతో అవమానించడం మాత్రం చండ్రుగొండ మండలంలోనే తొలిసారి జరిగింది.

“నేను నల్లబోర్డు ఆశించాను,” అన్నారు విశ్రాంత తెలుగు అధ్యాపకులు జగదీష్ గారు, ఎన్నికల అధికారి చూపిన గుర్తు వంక పామును చూసినట్టు చూస్తూ.

“వరుసలో వచ్చిందే ఇయ్యాలె సార్. సక్రిగారికి కత్తెర, మీకు బెండకాయ. ఓటు చీటీ మీద పేర్లు ఉండయి, గుర్తులే ఉంటయి. జర గట్టిగ ప్రచారం చేసుకోండ్రి.”

ఆ మాటల్లో జగదీష్ గారి చెవికెక్కింది చివరిదొక్కటే.

తండా పంచాయతీ సర్పంచ్ పదవికి పోటీదారులు ఇద్దరే. ఒకరు ఉద్యోగ జీవితమంతా నిద్రపోయే విద్యార్థులకు అలంకారశాస్త్రం బోధించిన జగదీష్ గారు. మరొకరు కారం పట్టే గిర్నీ నడిపే సక్రి. ఆమెకు నలుగురిలో నోరు పెగలదు. జగదీష్ గారికి ఊరి వాగు మీద వంతెన కట్టించాలన్న ఆశయమూ ఉంది. కానీ అసలు ఆశ వేరు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తను మాట్లాడుతుంటే జనం మేలుకొని వినాలి.

ఆ పూట భార్య ద్వాలి కంచంలో బెండకాయ వేపుడు వడ్డించింది. ఆయన కంచం పక్కకు నెట్టారు.

“ఓట్లయ్యేదాకా ఈ ఇంట్లో దాని పేరెత్తకు.”

“దేని పేరు?”

“అదే. ఎత్తకు.”

ద్వాలికి ఒళ్లు మండింది. “ఎన్నిసార్లు చెప్పాలె, అన్నం ముందల అలుగొద్దని? ఎన్నిసార్లు చెప్పాలె, తడి తువ్వాల మంచం మీద పడెయ్యొద్దని? ఎన్నిసార్లు చెప్పాలె...”

జగదీష్ గారి ముఖం విప్పారింది. “ఆద్యావృత్తి!”

“ఏందది?”

“వరుస వాక్యాలను ఒకే మాటతో ఎత్తుకోవడం. ఇంగ్లీషువాళ్లు అనఫొరా అంటారు. నీకు తెలియకుండానే ప్రయోగిస్తున్నావు, ద్వాలీ!”

“తువ్వాల తియ్యుండ్రి ముందు.”

తువ్వాలు అక్కడే ఉండిపోయింది. ఆయన మాత్రం కొత్తగూడెం నుంచి వచ్చిన మైకుసెట్టు ఖయ్యూంకు యుద్ధవ్యూహం వివరించడానికి బయలుదేరారు.

“జనం వాక్యాన్ని మరిచిపోతారు ఖయ్యూం. మొదటి మాటను మరవరు. అది మేకులా దిగాలి. అందుకని మొదటి మాట ఉరమాలి, మిగతాది చినుకుల్లా పడాలి. అర్థమైందా?”

“అవ్ సార్. మొదటి మాటకు సౌండ్ పెంచుతా, తర్వాత తగ్గిస్తా. మరి ఫ్లెక్సీ మీద బెండకాయ ఎంత సైజు వెయ్యమంటరు?”

“వెయ్యొద్దు. నా ముఖం చాలు.”

“సార్, గుర్తు లేకుంటే...”

“కూరగాయను పట్టుకొని ఓట్లడిగేంత దిగజారలేదు నేను.”

ఖయ్యూం మైకు వైర్లు చుట్టుకోసాగాడు. కిరాయి ముందే ముట్టింది.

ఆ సాయంత్రం సభలో జగదీష్ గారు వేదికెక్కి, శాలువా సవరించుకొని, ప్రత్యర్థి మీద తన బ్రహ్మాస్త్రం సంధించారు.

“కత్తెర! వాగు మీద వంతెన కడుతుందా? కత్తెర! మన పోడు భూములకు పట్టాలు తెస్తుందా? కత్తెర! బోరింగులో నీళ్లు పుట్టిస్తుందా?”

మొదటి మాటకు తండా దద్దరిల్లింది. చివరి మాటలు చెట్ల గాలిలో కలిసిపోయాయి. జనం మేలుకొనే ఉన్నారు! వెనక వరుసలో ముసలి మంగీలాల్ లేచి రెండు వేళ్లు పైకెత్తి ఆడించాడు. వాడిని చూసి ఆడవాళ్లు ఎత్తారు, పిల్లలు ఎత్తారు. విజయ సంకేతం! జగదీష్ గారి కళ్లు చెమ్మగిల్లాయి. ఆయన కూడా రెండు వేళ్లు ఎత్తి చూపారు. సభ ఈలలతో ఊగిపోయింది.

ఇంటికి వచ్చేసరికి ద్వాలి పత్తిచేను నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటోంది.

“మీ గొంతు చేను దాకా వచ్చింది,” అంది, మొదటిసారి కొంచెం గర్వంగా. “మొదటి మాట గట్టిగ వినబడ్డది. తర్వాతది గాలికి పోయింది గానీ, కూలోళ్లంతా పని ఆపి విన్నరు.”

“శాస్త్రం!” అన్నారాయన.

పోలింగు దాకా ఖయ్యూం ఆటో అదే ప్రసంగాన్ని ఊరంతా తిప్పింది. దారిలో ఎదురైన ప్రతివాడూ జగదీష్ గారికి నవ్వుతూ రెండు వేళ్లు చూపాడు. సక్రి మాత్రం గిర్నీ గుమ్మంలో నిలబడి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని, దిగులుగా చూసింది.

పోలింగు నాడు ఆయన కళ్లు మూసుకొని, మనసు రాయి చేసుకొని, బెండకాయ మీద ముద్ర వేశారు. మధ్యాహ్నం బడిలో లెక్కింపు మొదలైంది. కత్తెర, కత్తెర, కత్తెర అని పిలుస్తూ కట్టలు కడుతున్నారు. ఇదీ ఆద్యావృత్తే అని ఆయనకు తోచింది. ఈసారి ఆనందం కలగలేదు.

చివరికి అధికారి గొంతు సవరించుకున్నాడు. “బెండకాయకు... ఒకటి సార్.”

“ఒక వందా?”

“ఒక ఓటు.”

బల్ల అవతల సక్రి తెల్లబోయింది. “గిన్ని నాకెట్ల వచ్చినయ్?” అని పక్కవాళ్లను అడుగుతోంది.

జగదీష్ గారికి ఓటమి తలకెక్కనే లేదు. ఆ ఒక్క ఓటు తనది. మరి ద్వాలిది? ఊరు మోసం చేయవచ్చు. ఊళ్లకు అది అలవాటే. కానీ ఇన్నేళ్లు ఒకే పొయ్యి మీద వండిపెట్టిన మనిషి? ఇంటిదాకా ఎలా నడిచారో ఆయనకే తెలియదు.

ద్వాలి గుమ్మంలోనే ఉంది. ముఖం వెలిగిపోతోంది, చేతిలో బెల్లం పళ్లెం.

“నువ్వు ఎవరికి వేశావు?”

“గదేం మాట? దేవునికి మొక్కి మరీ మీకే ఏసిన.”

“అబద్ధం! బెండకాయకు పడింది ఒకే ఓటు. అది నాది!”

“బెండకాయనా? గదెవలిది?”

ద్వాలి అయోమయంగా ఆయన ముఖంలోకి చూస్తూ, రెండు వేళ్లు విడదీసి, కలిపి, మళ్లీ విడదీసింది.

“మన గుర్తు కత్తెర కాదా?”