పొట్టలో గీత ఉన్న అక్షరం

జీవమ్మ గడప దాటి లోపలికి వచ్చి, ఆడవాళ్లు కూర్చున్న చాప అంచున కూర్చుంది.

కార్యదర్శి గురురాజారావు ఉపన్యాసం ఆగిపోయింది. పఠనమందిరం వార్షికోత్సవం అప్పుడే మొదలైంది. ఆలూరు నుంచి వచ్చిన అతిథి మెడలో దండకు ఇంకా తడి ఆరలేదు. ఇక్కడ పిల్లలకు కథలు చెబుతున్నామని, ఆడవాళ్లకు పురాణం, రైతులకు పత్రిక చదివి వినిపిస్తున్నామని, ముసలివాళ్లకు అక్షరాలు కూడా నేర్పుతున్నామని, మందిరం అందరిదీ అని ఆయన చెబుతున్నాడు. అక్షరాలు నేర్చుకున్న ముసలివాళ్లు ఈరోజు అతిథి ముందు తలా ఒక వాక్యం చదవాలి. మాలపేట క్రైస్తవురాలు జీవమ్మ మాత్రం కిటికీ బయట నిలబడి చదవాలని ఏర్పాటు. ఏడాదిగా ఆమె పాఠం మెట్ల కిందే జరుగుతోంది.

చాప మీద ఉన్నవాళ్లు కొంగులు దగ్గరికి లాక్కున్నారు. తిరుపతమ్మ ఒక్కతే కాస్త జరిగి చోటిచ్చింది.

"ఏమ్మే, నిన్ను లోపలికి రమ్మనింది ఎవురు?" అన్నాడు గురురాజారావు.

"ఆ బోర్డు సామీ."

వెటకారం కాదు. ఆమె ముఖం వెలిగిపోతోంది. వాకిలి మీద వేలాడుతున్న నల్లబోర్డు వైపు చెయ్యి చూపించి, పొద్దున్నే వచ్చి ఎవరి సాయమూ లేకుండా కూడబలుక్కుని దాన్ని చదివానని చెప్పింది.

"ఏమని చదివితివి?"

జీవమ్మ లేచి, ఏసు గుడిలో వాక్యం చదివేవాళ్లలాగా చేతులు కట్టుకుంది.

"పంచములకు ప్రవేసము నిసిద్దము."

"అర్థమేమో?"

"సిద్దమంటే తయారుగా ఉండాదని గదా సామీ. మా గుడిలో అయ్యగారు వారం వారం చెప్తాడు, దేవుని రాజ్యం సిద్దం, మీరూ సిద్దం కాండి అని. ముందర ఆ 'ని' యాల పెట్టినారో నాకు తెల్దు. పుస్తకాల మాటలకు అట్ల కొమ్ములుంటాయేమో అనుకుంటి."

మొదట గోడ దగ్గర ఎవరో నవ్వారు. తర్వాత మందిరమంతా నవ్వింది. కథలు వినడానికి వచ్చిన పిల్లలు, ఎందుకో తెలియకుండానే, అందరికంటే ఎక్కువ నవ్వారు. అతిథి కూడా చిన్నగా నవ్వి, నవ్వినందుకు ఇబ్బంది పడి, దండలో పూలు సర్దుకున్నాడు. నవ్వు వచ్చేసరికి గురురాజారావుకు కోపం తగ్గింది. లేకుంటే ఆమెను గెంటించేవాడే. ఆ పూటకు అదే మేలు.

ఆయన బీరువా వైపు తిరిగాడు. పుస్తకాలిచ్చే అల్లా బాషా అక్కడ తల వంచుకుని నిలబడి ఉన్నాడు. ముసలివాళ్ల పంతులు కూడా అతనే.

"అచ్చరాలన్నీ వచ్చేసినాయంటివే బాషా. మరి 'ష' యాడికి పోయింది?"

బాషా మీదికి మాట వస్తుందేమోనని జీవమ్మే అడ్డం వచ్చింది.

"ఆయప్పను ఏమనొద్దండి సామీ. పొట్టలో గీత ఉండాదే, ఆ అచ్చరమేందని నేను శానాసార్లు అడిగితి. మన మాటల్లో అది రాదులే అవ్వా, 'స' అనుకో, సాలు అనె. నిజమే గదా."

నిజమే. ఆమె నోట ఆ అక్షరం ఎప్పుడూ పలకలేదు. ఏడాదిగా అతన్ని 'బాసా' అనే పిలుస్తోంది. అతనూ దిద్దలేదు.

బయటికి తీసుకుపోయి ఇప్పుడే నేర్పమన్నాడు గురురాజారావు. నేర్చుకున్నాక కిటికీ దగ్గరికి వచ్చి బోర్డు మీది మాట తప్పులేకుండా చదవాలట, అతిథి అయ్యవారు వింటారట. అతిథి ఇబ్బందిగానే, మర్యాదకు తల ఊపాడు. జీవమ్మ లేచిన చోట తిరుపతమ్మ, ఆమె కోసమన్నట్టు, కొంతసేపు ఎవరినీ కూర్చోనివ్వలేదు.

మెట్ల కింద ఎండ మండుతోంది. జీవమ్మ తన చోట కూర్చుంది. ఆమె మీద నీడ పడేలా బాషా అడ్డంగా నిలబడ్డాడు.

"ఆ మాటకు అర్థమేంది బాసా?"

"రాగూడదని, అవ్వా."

ఆమె తల ఊపింది. ఏడవలేదు. కాళ్ల వేళ్లకు అంటిన మట్టి దులుపుకుంది.

"ఇందుకేనా ఆ అచ్చరం నాకు దాచిపెడితివి?"

"సదివితే నొచ్చుకుంటావని."

"మంచోనివి బాసా," అంది. అతని కళ్లు తడిసి ఉండటం చూసి ఆమే ఓదార్చింది. "నువ్వేం జేస్తావు, పాపం. అంతమందిలో నవ్వనోనివి నువ్వొక్కనివే. రాయి, నేర్చుకుంటా. వాళ్లు కాసుకోని ఉండారు."

బాషా పలక తీసుకున్నాడు. ఊళ్లో అంత గుండ్రంగా రాసేవాడు లేడని అతనికి పేరు. 'ప' రాసినట్టే తిప్పి, పొట్టలో గీత గీసి, ఎప్పటి అలవాటు కొద్దీ గీత చివర చిన్న కొక్కెం తిప్పాడు.

"ష," అన్నాడు.

మొదటిసారి ఆమె నాలుక తిరగలేదు. రెండోసారికి తిరిగింది. పలక చేతిలోకి తీసుకుని దగ్గరగా చూసింది. తలెత్తి వాకిలి మీది బోర్డు చూసింది. మళ్లీ పలక చూసింది. పొట్టలో గీత మీద, దాని చివర కొక్కెం మీద వేలు పెట్టి దిద్దింది.

"బోర్డు గూడా శానా బాగా రాసినావు," అంది నిదానంగా, "బాషా."