ఆకురాయి ముట్టని చెయ్యి

"దాన్ని కింద పెట్టు మే!"

రహీమాబీ గుడ్లురిమింది. టీ గ్లాసుతో వచ్చిన ముబషిరా దారిలో పడున్న ఆకురాయిని తీసి పక్కన పెట్టబోయింది, అంతే.

"కాలికి అడ్డమొచ్చిందని తీసినా అమ్మీ."

"అడ్డమొస్తే దాటుకుని పో. చేత్తో మాత్రం ముట్టొద్దు."

ఉదయగిరిలో చెక్క చెంచాలు చేసే ఇళ్ళలో ఆడపిల్ల నడక నేర్చిన కొన్నాళ్ళకే ఆకురాయి పట్టడం నేరుస్తుంది. దుకాణం నుంచి మొరటుగా చెక్కిన కర్రముక్కలు వస్తాయి. వాటిని ఆకురాయితో అరగదీసి, నునుపు తేల్చి, అద్దంలా మెరిసే చెంచా చేసేది ఆడవాళ్ళ బొటనవేళ్ళే. రహీమాబీ తల్లి అలా చేసీ చేసీ, ఆఖరి రోజుల్లో అన్నం కలుపుకోలేక కూతురి చేత ముద్దలు పెట్టించుకుని పోయింది. ఆ ముద్దలు పెట్టిన నాడే రహీమాబీ ఒట్టు పెట్టుకుంది. ఈ పని తనతో సరి. మొగుడు షావలి పోయి ఆరేళ్ళయినా, ఇల్లంతా తన రెక్కల మీదే నడుస్తున్నా, ఆ ఒట్టు తప్పలేదు. ముబషిరా ఇంటర్ రెండో ఏడు. నర్సు చదవాలని పిల్ల ఆశ. సూది పట్టే చెయ్యి వణక్కూడదు కదా మరి!

ఇప్పుడు తల్లి జబ్బు తనకే వచ్చి కూర్చుంది. బొటనవేలి మొదట్లో పుట్టి మణికట్టు దాకా నిప్పు రాజేసినట్టు లాగుతుంది. తడిగుడ్డ పిండలేదు, జడ అల్లుకోలేదు. ఇసుక మూటతో కాపడం పెట్టింది, తంగేడాకు నూరి కట్టింది, నల్లదారం కూడా కట్టించుకుంది. దేనికీ నొప్పి ఆగలేదు. కొంగు పళ్ళ మధ్య కుక్కుకుని అరగదీస్తే, రోజుకి ఇరవై అయ్యే చోట ఏడో ఎనిమిదో అవుతున్నాయి. చేసినవి సంచిలో వేస్తే, కాలేజీకి పోతూ ముబషిరా దుకాణంలో ఇచ్చిపోతుంది.

ఆ పొద్దు టీ గ్లాసు అందుకోబోతే వేళ్ళు మూతపడలేదు. వేడి టీ ఒళ్ళో పడింది.

"ఇంక ఆత్మకూరు పోవాల్సిందే అమ్మీ. ఎముకల డాక్టరుకి చూపిద్దాం."

"నేను పోతాలే. నువ్వు కాలేజీకి పో."

"ఆయన రాసిచ్చిన చీటీ నువ్వు చదవతావా?"

రహీమాబీ తడిసిన చీర మార్చుకోవడానికి లేచింది.

బస్టాండుకి పోయే దారిలోనే, చెంచాల పని ఇచ్చే హిదాయతుల్లా దుకాణం. గడప మీద నిలబడి పలకరించాడు.

"ఏం రహీమాబీ, చెయ్యి నొప్పంటావు, సరుకు మాత్రం ఒక్క చెంచా తగ్గలా! నొప్పి చేతికా, నోటికా?"

రహీమాబీ ముఖం మాడిపోయింది. నాలుగడుగులు దాటాక గొణిగింది. "సగం కూడా చెయ్యలేదని చూడు ఎట్టా ఎత్తిపొడస్తా ఉండాడో. వాడి నోట్లో మన్ను పడ!"

ముబషిరా తల వంచుకుని గబగబా నడిచింది.

బస్సు కదిలాక రహీమాబీ అసలు సంగతి తీసింది. రెండు రోజులుగా కడుపులో దాచుకున్న సంగతి.

"మీ మాధవి మేడం కనబడింది. పరీక్షలో సగం పేపరు తెల్లగానే ఇచ్చొచ్చినావంట. ఏంది కత?"

"టైం చాల్లా అమ్మీ."

"ఫస్టొచ్చే దానికి ఇప్పుడెందుకు చాల్లా? కాలేజీ వదిలినాక రమణి ఇంట్లో చదువుకుంటన్నా అంటావు. దీపాలు పెట్టినాక వస్తావు. అంతంత సేపు చదివి తెల్ల కాయితం ఇస్తారా ఎవురన్నా?" గొంతు తగ్గించింది. "ఎవుడు మే వాడు?"

"అమ్మీ! ఎవుడూ లేడు."

"అయితే నా చేతిలో చెయ్యేసి చెప్పు."

ముబషిరా కుడిచెయ్యి చున్నీ కిందికి లాక్కుంది. "నీకు నొప్పి గదా" అని కిటికీ వైపు తిరిగింది.

ఇంకేం కావాలి, రహీమాబీ అనుమానం గట్టిపడింది. ఈ బొటనవేలు అరగదీసింది ఎవడికో పిల్లను అప్పజెప్పడానికా? ఆత్మకూరులో బస్సు దిగి, పిల్లకంటే ముందు నడుస్తూ ఆసుపత్రికి పోయింది.

డాక్టరు సురేంద్రబాబు మణికట్టు నొక్కి చూశాడు.

"చెంచాల పనా? మీ ఊరోళ్ళు నెలకి పదిమంది వస్తారమ్మా. బొటనవేలి నరం వాచుంటాది. ఏదీ, బొటనవేలు లోపల పెట్టి, వేళ్ళు దాని మీద మూసి, పిడికిలి చిటికెనవేలి వైపు కిందికి వంచు."

"ఎట్టా సార్?" రహీమాబీ రెండుసార్లు తప్పు చేసింది. నొప్పికి ముందే చెయ్యి వెనక్కి లాగేసుకుంటోంది.

"పాపా, నువ్వు చేసి చూపించు. నిన్ను చూసి చేస్తాది. ఆకురాయి పట్టని చేతికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు."

"మా పిల్ల దాన్ని ముట్టి ఎరగదు సార్." ఎంత కోపంలో ఉన్నా ఆ మాట అనేటప్పుడు రహీమాబీ నడుం నిటారుగా అయింది.

ముబషిరా ఎడమచెయ్యి ఎత్తింది.

"నొప్పి నాకు కుడిచేతికి గదా! కుడిదే చూపించు. పెనం మీద పెట్టమన్నట్టు చూస్తావేంది? బయట సార్ కోసం జనం ఉండారు."

ముబషిరా ఒకసారి తల్లి ముఖంలోకి చూసింది. చున్నీలోంచి కుడిచెయ్యి మెల్లగా బయటికి తీసింది. రహీమాబీ కూడా కళ్ళు చికిలించి తన చెయ్యి చాపింది.

"ఊఁ, వంచండి" అన్నాడు డాక్టరు.

గది అదిరేలా కేక లేచింది. బయట బెంచీ మీది జనం లేచి నిలబడ్డారు.

"చాలు, చాలు, వదిలెయ్" అన్నాడు డాక్టరు. "అదే జబ్బు."

రహీమాబీ ఇంకా పిడికిలి ముయ్యనేలేదు.