ట్యాంకు మూత

"సీలు నువ్వే తియ్యి అన్నయ్యా," అంటూ చెల్లెలు డబ్బాను అతని ముందుకు తోసింది.

తమ చిన్నప్పటి ప్లాస్టిక్ యుద్ధ ట్యాంకు బొమ్మనే కంపెనీ పాత అచ్చుతో మళ్లీ అమ్ముతోంది. అప్పట్లో దాని మూత సరిగ్గా కూర్చోకపోతే, చెల్లి అంచు కొరికేసిందని అన్నయ్య చాడీ చెప్పాడు. నాన్న ఆమె వీపు విమానం మోత మోగించాడు. ఈ కొత్త మూత కూడా కూర్చోకపోతే అన్నయ్య మొహం చూడాలని ఆమెది నలభై ఏళ్ల కసి.

మూత కూర్చోలేదు.

అన్నయ్య మురిసిపోయాడు. "అచ్చం పాతదే! ఎడమ అంచు కాస్త అరగదీయాలి. దీనికి మొదట్నుంచీ ఇంతేగా?"

"అప్పుడే తెలుసా నీకు?"

"నువ్వు దాన్ని ముట్టుకోకూడదని..." అతను నీళ్లు నమిలాడు.

ఆమె మూత లాక్కుని పటుక్కున కొరికింది.

"ఇప్పుడు చెప్పుకో, చెల్లి కొరికిందని."