సెనేటరు భార్య జాబు

"సీతాపతి సార్, పుస్తకం మీద నా పేరు యాడ సార్?"

ప్రొద్దుటూరు కాలేజీ సెమినార్ హాలు గుమ్మంలోనే మెహబూబున్నీసా ఆయనకు అడ్డం నిలబడింది. ఆవిష్కరణ సభకు వచ్చినవాళ్ళు లోపల కూర్చుని ఉన్నారు.

"కృతజ్ఞతల్లో ఏసినా గదమ్మా."

"టైపు చేసిపెట్టిందని ఏసినారు. నేను చేసింది టైపేనా సార్?"

అమెరికా సెనేటర్లూ మంత్రులూ పందొమ్మిదో శతాబ్దంలో రాసుకున్న ఉత్తరాలను అక్కడి లైబ్రరీ ఒకటి ఇంటర్నెట్లో పెట్టింది. పదవుల కోసం బతిమాలడాలు, ఓట్ల బేరాలు, బానిసల విడుదల మీద వాదులాటలు. ఆ గొలుసుకట్టు రాతను కళ్ళు మండేదాకా చదివి, తెలుగులోకి తెచ్చింది మెహబూబున్నీసా. సీతాపతి తనకు చరిత్ర పాఠాలు చెప్పిన గురువు, ఇప్పుడు తను పనిచేసే శాఖకే పెద్ద. ఒకసారి చూసిపెట్టమని ఫైలంతా ఆయన చేతికిచ్చింది.

"నా పేరుంటేనే అచ్చేస్తామన్నారమ్మా. తర్వాతి పుస్తకం నీ పేరుతోనే తెద్దాం. ఈడ రచ్చ చేయాకు."

ఆయన వేదికెక్కాడు. మెహబూబున్నీసా వెళ్ళి అత్త పక్కన కూర్చుంది. కోడలి పుస్తకమని వీధంతా చెప్పుకుని, జమ్మలమడుగు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చింది మైమూన్.

"ఇంగ ఈ పుస్తకానికి ప్రాణంలాంటి జాబు చదువుతా," అన్నాడు సీతాపతి మైకులో. "ఒక సెనేటరు భార్య వాషింగ్టన్‌లో ఉండే భర్తకు రాసింది. ఆమె పేరు యాడా లేదు."

గొంతు సవరించుకుని చదివాడు.

"నువ్వు అక్కడ ఇంకో ఇంట్లో దీపం పెట్టావని తెలిసినా మీ అమ్మకు చెప్పలేదు. పండగకు వస్తాడా అని ఆమె అడిగినప్పుడల్లా, పని ఎక్కువగా ఉందంట అని నేనే అబద్ధమాడుతున్నాను. నువ్వు నన్ను మోసం చేశావు. నీ కోసం నేను మీ అమ్మను మోసం చేస్తున్నాను."

హాలంతా చప్పట్లు. మైమూన్ కొంగుతో కళ్ళొత్తుకుంది.

"ఎవురు కన్న బిడ్డో, పాపం!"

మెహబూబున్నీసా లేచి నిలబడింది.

"ఈ జాబులన్నీ తెలుగు చేసింది నేను."

జనం వెనక్కి తిరిగి చూశారు. సీతాపతి నవ్వాడు.

"రుజువేందమ్మా?"

నోరు మూసుకుని కూర్చోవచ్చు. ఆమె అత్త వైపు చూసింది. కోడలు మాట్లాడుతోందన్న సంబరంతో ఆమె తలెత్తి చూస్తోంది. మెహబూబున్నీసా చూపు మళ్ళించుకుంది.

"మీరిప్పుడు చదివిన జాబు అమెరికాది కాదు సార్. నేనే రాసి, పంపలేక, ఆ ఫైల్లోనే మర్చిపోయినా. కువైట్లో ఇంకో సంసారం పెట్టుకున్న మా ఆయనకు."