మరొకరి చేతిలో ఉంది

"ఆ రికార్డు తెరుచుకోవట్లేదు" అన్నాడు ఫోన్లో సూపరింటెండెంట్. మామూలుగా అయితే ఈపాటికి ఫోను పేలిపోయేది. ఇవాళ గొంతు పెంచలేదు. "పోనీ, వేరే ఎవరినైనా పిలిపించనా?"

"వద్దండీ. నేనే చూస్తాను."

ఆస్పత్రి మొత్తానికీ డేటాబేస్ ఒక్కటే. ల్యాబు, వార్డులు, మందుల కౌంటరు, అన్ని కంప్యూటర్లూ నెట్‌వర్క్‌లో దాన్నే పట్టుకుని వేలాడుతుంటాయి. మార్పులు చేయడానికి ఒకరు తెరిచిన రికార్డును, వాళ్లు మూసేదాకా ఇంకొకరు ముట్టుకోలేరు. 'ఈ రికార్డు మరొకరి చేతిలో ఉంది' అని తెర మీద పడుతుంది. ఆ ఏర్పాటు, ఆస్పత్రి కంప్యూటర్లన్నీ చూసుకునే అతను చేసిందే.

పిల్లల వార్డులో పొద్దున చనిపోయిన పాప రికార్డు అది. డాక్టరు 'మరణం' అని నమోదు చేస్తే తప్ప సర్టిఫికెట్ రాదు. అది లేనిదే మార్చురీ వాళ్లు పాపను అప్పగించరు.

అతను మెట్లు దిగాడు.

ల్యాబులో అడుగుపెట్టగానే మాటలు ఆగిపోయాయి. తప్పు ఎవరి మీద పడుతుందోనన్నట్టు అందరూ తలలు దించుకున్నారు. అడక్కముందే తమ తెరల మీద ఉన్నవన్నీ మూసేసి చూపించారు. ఎక్స్‌రే గదిలో, అతను కనిపిస్తే చాలు, "మా డబ్బాకి మోక్షం ఎప్పుడు గురువుగారూ?" అని ఆటపట్టించే టెక్నీషియన్ ఇవాళ లేచి తన కుర్చీ జరిపాడు. అతను కూర్చోలేదు.

మందుల కౌంటర్లో ఆరోజే చేరిన అమ్మాయికి మాత్రం ఏ బెరుకూ లేదు.

"ఎవరో గానీ సార్, సొంత సొమ్ములా పట్టుకుని వదలట్లేదు" అంది నవ్వుతూ. "అయినా ఎవరి దగ్గరుందో మీ సీట్లోంచే తెలిసిపోతుందటగా? మరి ఇన్ని మెట్లు దిగడం ఎందుకు?"

పక్కనున్న పెద్దావిడ ఆ అమ్మాయి చెయ్యి పట్టి గట్టిగా లాగింది.

అతను బయటికొచ్చాడు.

మార్చురీ ముందు బెంచీ మీద పాప తల్లి కూర్చుని ఉంది. ఒళ్లో చిన్న స్వెట్టరు.

"ఏమండీ, ఇంకా ఎంతసేపు?"

"కంప్యూటర్లో ఏదో చిన్న ఇబ్బంది."

"లోపల బాగా చల్లగా ఉంటుందటండీ. దానికి చలి పడదు."

"తెలుసు" అన్నాడతను.

ఆవిడ స్వెట్టరు గుండీలు ఒక్కొక్కటే పెడుతోంది. అన్నీ పెట్టాక మళ్లీ విప్పుతోంది. కాసేపు ఆ వేళ్లనే చూసి అతను వెనుదిరిగాడు.

గదిలోకొచ్చి తలుపేసుకుని తన సీట్లో కూర్చుంటే, పొద్దుట్నుంచీ తన తెర మీదే తెరిచి ఉన్న ఆ రికార్డులో, 'చికిత్సలో ఉంది' అన్న మాట పక్కన కర్సర్ ఇంకా కొట్టుకుంటూనే ఉంది, దాని పైన తండ్రి పేరు అన్నచోట తన పేరు.